కంప్యూటరు ప్రాసెసరును ఎన్నాళ్లకు మార్చవలెను?

ధర్మవరమున పట్టుచీరలు నేయు జకార్డు మగ్గమును మీరెల్లరు చూచియే యుందురు. అంచున హంస రావలెనో, మామిడిపిందె రావలెనో నిర్ణయించునవి దానిపై వ్రేలాడు చిల్లుల అట్టలు. 1804 ప్రాంతమున ఫ్రాన్సు దేశీయుడు జకార్డు కల్పించిన ఈ యుపాయము కంప్యూటరునకు పూర్వరూపములలో నొకటి. అట్టలవంటిది ప్రోగ్రాము, మగ్గమువంటిది ప్రాసెసరు. అట్టలు మార్చినంత సులువుగా మగ్గమును మార్చలేము గదా!

అమెరికాలోని ఆపిల్ కంపెనీవారు 2006 మొదలు తమ మాక్ కంప్యూటర్లకు ఇంటెల్ వారి ప్రాసెసర్లను కొనుచుండిరి. 2020 నవంబరులో ఎమ్1 అను సొంత ప్రాసెసరును వెలువరించిరి. తరువాత ఎమ్2 2022 జూనులోను, ఎమ్3 2023 అక్టోబరులోను, ఎమ్4 2024 మేలోను, ఎమ్5 2025 అక్టోబరులోను వచ్చినవి. నడుమనున్న ఎడములు వరుసగా 19, 16, 7, 17 మాసములు. సొంతసరకైనను గడువు నిలుకడగా లేదు! ఏలయన, రూపకల్పన ఆపిల్ వారిది. దానిని సిలికానుపై చెక్కువారు తైవానులోని టీఎస్ఎంసీ సంస్థవారు. మరింత సూక్ష్మముగా చెక్కు విద్య అచ్చట కుదిరిననే క్రొత్తదానివలన గొప్ప లాభము. బొటనవ్రేలి గోరంత చోట ఎమ్1లో 1600 కోట్ల ట్రాన్సిస్టర్లుండగా, ఎమ్4లో 2800 కోట్లున్నవి.

ఏడు మాసములకే మార్చుట తొందరపాటని నా యభిప్రాయము. పాత అంచు చీరలు అమ్ముడుపోకమునుపే క్రొత్త అంచు దింపిన వర్తకుని కొట్టులో ఏమగునో ధర్మవరమువారికి నేను చెప్పనక్కరలేదు. మితిమీరిన జాగును తగదు. ఇంటెల్ కాలమున, 2013లో వచ్చిన మాక్ ప్రో అను పెద్దయంత్రము 2019 వరకు క్రొత్తరూపు నొందలేదు. ఆ నడుమ కొన్నవారు పాతసరకునకే సొమ్ము చెల్లించిరి. పెనుకొండ చెంత ఎర్రమంచిలో కియా వారు 2019లో విడుదల చేసిన సెల్టాస్ కారునకు 2023లో మెరుగులు దిద్దిరి. కారునకు నాలుగేండ్లు చెల్లును. ప్రాసెసరునకు ఏడాదిన్నర మొదలు రెండేండ్లు తగిన యెడమని తోచుచున్నది.

ఇక కొనువారి మాట. హిందూపురమున పట్టుగూళ్లమ్మి మనుమనికి కంప్యూటరు కొనదలచిన రైతు, క్రొత్తది వచ్చెనని విని దిగులుపడ నక్కరలేదు. క్రొత్తది వచ్చినంతనే పాతది మూలబడదు. తయారీదారులు రక్షణకు సంబంధించిన మార్పులను పంపుట మానినప్పుడే దానికి చిక్కు. కనుక అంగడివానిని, "ఈ మార్పులు ఇంకను ఎన్నేండ్లు వచ్చును?" అని అడుగవలెను. 2020 నాటి ఎమ్1 యంత్రములకు 2025లో వెలువడిన క్రొత్త ఆపరేటింగు సిస్టమును సయితము ఆపిల్ వారు అందించిరి.