పూత మందము, మారుపలుకు కొలత



గండికోటలో పెన్నేటి లోయ యంచున నిలిచి కేకవేయని జమ్మలమడుగు పిల్లవాడుండడు. చిన్ననాట నేనును వేసితిని. ఎదుటి కొండగోడ ఆ కేకను మరల మనకే యిచ్చును. గాలిలో ధ్వని సెకనునకు సుమారు 340 మీటర్లు పోవును. కేకకును మారుపలుకునకును నడుమ అరసెకను గడచినచో ధ్వని పోయివచ్చిన దూరము 170 మీటర్లు. అనగా గోడ 85 మీటర్ల దూరమున నున్నది. నేను చెప్పబోవు పనిముట్టులో నింతకుమించిన రహస్యము లేదు.

అది అరచేత నిమిడిపోవును. దానికి తగిలించిన చిన్నబిళ్ల మన చెవికి వినరాని అతిధ్వనిని పంపి, దాని మారుపలుకును తానే వినును. రంగుపూతలో ధ్వని సెకనునకు రమారమి 2,400 మీటర్లు పోవును. మిల్లీమీటరులో పదవవంతు మందముగల పూతలోనికి పోయివచ్చుటకు సెకనులో కోటివవంతైనను పట్టదు. అంతటి స్వల్పకాలమును లెక్కింపగలుగుటయే దాని విశేషము. బిళ్లక్రింద వెండ్రుకవాసి గాలి చిక్కినను ధ్వని లోనికి చొరదు; కావున గ్లిసరిను వంటి ద్రవమును ముందుగా రాయుదురు. ప్రొద్దుటూరి బంగారు అంగళ్లలో ఒరగల్లుపై గీచినపుడు నలుసంత బంగారమైనను రాలును; ఇచట పూతకు గీటైనను పడదు.

ఇనుముమీది రంగునకు అయస్కాంతపు కొలమానమే చాలును, అదియే చౌక. కాంక్రీటుమీదను, కొయ్యమీదను అయస్కాంతమునకు పని లేదు. అచ్చట అతిధ్వనియే దిక్కు.

అసలు చిక్కు పూతక్రింది ఇనుమును కొలుచునపుడు వచ్చును. జలాశయపు తలుపు రేకు తొలుత 10 మిల్లీమీటర్లనుకొందము. వెనుకవైపు త్రుప్పు తిని 8 మిల్లీమీటర్లే మిగిలినది. ముందువైపున ఏటేట రంగుపై రంగు వేయగా పూత 0.8 మిల్లీమీటరు పేరుకొన్నది. ఇనుములో ధ్వని సెకనునకు 5,900 మీటర్లు పరుగెత్తును; రంగులో దానికి సగముకంటెను తక్కువ. పనిముట్టు అంతయు ఇనుమేయని లెక్కకట్టి, ఆ పూతను రెండు మిల్లీమీటర్ల ఇనుముగా భ్రమించును. తరిగిపోయిన రేకు నిక్షేపముగా 10 మిల్లీమీటర్లని చూపును! కొలిచినవాడు అబద్ధమాడలేదు, యంత్రము చెడలేదు. అయినను తలుపు బలహీనమే.

దీనికి ఉపాయము కలదు. ధ్వని ఇనుములో ఈ మొగమునుండి ఆ మొగమునకు పలుమారులు కొట్టుకొనుచుండును. మొదటి మారుపలుకునకును రెండవదానికిని నడుమ కాలమును మాత్రమే గైకొన్నచో, అది కేవలము ఇనుములో గడచిన కాలము. పూత లెక్కనుండి తొలగిపోవును. ఈ పద్ధతి చేయగల పనిముట్లు వేరుగా నున్నవి.

ఈ మాట మనకేలయందురా? మన పులివెందుల కాలువకు నీరిచ్చు తుంగభద్ర ఆనకట్టలో, 2024 ఆగస్టు 10వ తేదీ రాత్రి గొలుసు తెగి, 19వ తలుపు వరదలో కొట్టుకొనిపోయెను. తెగినది గొలుసే గాని రేకు కాదు. అయినను పిమ్మట నిపుణులు 33 తలుపులను మార్పవలెనని చెప్పిరి. నీటిలో దశాబ్దములు నానిన ఇనుమును పైరంగు చూచి నమ్మరాదు.

మన మైలవరము జలాశయమునకును ఇనుప తలుపులే. పరీక్షకులు వచ్చినపుడు మీవంటి పెద్దలు రెండు ప్రశ్నలడుగవచ్చును: మందము తెలిసిన ఇనుప ముక్కపై పనిముట్టును ముందుగా సరిచూచితిరా? మీరు చెప్పు అంకెలో రంగు చేరినదా, చేరలేదా?