పూవుల వేట – అడవి హక్కు

ప్రాణహిత గోదావరిని గలియు చోటికి చేరువను, కాళేశ్వరమున కావలి గట్టున సిరోంచ యున్నది. 1860లో నిజాము ప్రభుత్వము దీనిని ఆంగ్లేయుల కప్పగించెను. 1874 వరకు ఎగువ గోదావరి జిల్లాకు ఇదియే ముఖ్యపట్టణము. నేడిది మహారాష్ట్రములోని గడ్చిరోలి జిల్లాలో జేరినను, ఇచ్చట తెలుగు మాట యింకను వినబడుచున్నది.

ఈ సీమ యడవులలో ఇప్ప, మామిడి మొదలగు చెట్ల కొమ్మల నంటిపెట్టుకొని యొక మొక్క పెరుగును. పసుపు కలిసిన పచ్చని రేకులపై గోధుమరంగు గళ్లు, నడుమ ఊదారంగు పెదవి, చక్కని వాసన – ఇవి దాని పూవు గుర్తులు. చెట్లపై బెరుగు పలు మొక్కలవలెనే దీనిని గూడ తెలుగువారు బదనిక యందురు. అయితే ఇది చెట్టు రసమును ద్రావునది కాదు. గాలిలోని తేమను, బెరడుపై జారు వాననీటిని వ్రేళ్లతో బీల్చి బ్రదుకును. సామర్లకోటలో 1781 మొదలు పండ్రెండేండ్లు పనిచేసిన విలియం రాక్స్‌బరో 1795లో వెలువడిన తన కోరమాండల్ వృక్షముల గ్రంథములో దీనిని వర్ణించెను. బొమ్మలు వ్రాసినవారు భారతీయ చిత్రకారులు. శాస్త్రములోని ‘వందా’ యను జాతినామము సంస్కృతములోని వందాక శబ్దమునుండి పుట్టినదే.

సిరోంచ జిల్లా ముఖ్యపట్టణముగా నున్న కాలముననే ఇంగ్లండులో ఆర్కిడ్ పూల వ్యామోహము ముదిరెను. ధనికులు వేలములలో మొక్కకు బంగారము గుమ్మరించుచుండిరి. వర్తకులు ఉష్ణదేశములకు జీతపు వేటగాండ్రను బంపుచుండిరి. అంతకు ముందే 1850లో జోసెఫ్ హుకర్ ఖాసీ కొండలలో నీలవందాను ఏడుగురు మోయు బరువు సేకరించెను. వానిలో ప్రాణముతో ఇంగ్లండు చేరినవి కొలదియే. మరియొకరు పంపిన ఒక్క మనిషి మోత 300 పౌనుల కమ్ముడుపోయెను. వీచ్ సంస్థ పక్షమున దిరిగిన థామస్ లాబ్ ఫిలిప్పీన్సులో కాలు పోగొట్టుకొనెను. ఆల్బర్ట్ మిల్లికన్ కొలంబియా యడవులలో పదివేల మొక్కల కొరకు నాలుగు వేల చెట్లను గొట్టించితినని 1891లో తన గ్రంథమున తానే వ్రాసికొనెను.

వారి సాహసమును మేము కాదనము. అయితే చెట్టు కూలిన పిమ్మట ఆ పూవు తిరిగి పుట్టుట సులభము కాదు. ఆర్కిడ్ విత్తనము ధూళివలె సన్నము. అందు ఆహారపు నిలువ లేదు. తగిన శిలీంధ్రము తోడైనగాని అది మొలకెత్తదు. మ్రానితో బాటు ఆ పొత్తు కూడ నశించును.

దారి చూపినవారి పేరులును ఇట్లే మరుగునబడినవి. కడప కొండలలో మనవారు పేరిత యను చెట్టుకు 1883లో కర్నలు బెడ్డోము పేరు పెట్టబడెను. దానిని తరతరములుగా నెరిగిన కొండవారి పేరు ఏ గ్రంథమునను లేదు.

వన్యప్రాణి సంరక్షణ శాసనమును 1991లో సవరించి, అనుమతి లేక కోయరాని ఆరు విధముల మొక్కలను అనుబంధములో జేర్చిరి. వానిలో బెడ్డోము చెట్టు, నీలవందా, ఎఱ్ఱవందా, చెప్పుపూవు ఆర్కిడ్‌లు గలవు. ఆదిమజాతులవారు తమ జిల్లాలో స్వంతమునకు గోసికొనవచ్చునని మినహాయింపు నిచ్చుట న్యాయమే. ఆ ఆరింటిలో సిరోంచ బదనిక లేదు. ఉన్నను, కొమ్మపై పూవును గోయువానిని శిక్షించు శాసనము, ఆ కొమ్మగల అడవినే గనికి ధారపోసినచో ఏమి కాపాడగలదు? ఇదే జిల్లాలో ఏటపల్లి తాలూకాలోని సూర్జాగఢ్ కొండలలో 2007లో 348 హెక్టారుల అడవిని ఇనుపరాతి గనికి కౌలు కిచ్చిరి.

మార్గము జిల్లాలోనే కలదు. 2006 నాటి అటవీ హక్కుల శాసనము ననుసరించి, 2009లో మెంఢా-లేఖా గ్రామసభకు సుమారు 1,800 హెక్టారుల అడవిపై సామూహిక హక్కు లభించెను. అడవిని బరులకు మరలించుటకు మునుపు, దానిని గాచు గ్రామసభ సమ్మతి విధిగా గైకొనవలెనని మా నిశ్చితాభిప్రాయము. నాడు వేటగాడు ఎవరి నడిగి చెట్టు గొట్టించెను? నేటి ప్రభుత్వములు ఆ తప్పునే కాగితములపై ముద్ర వేసి చేయకుండవలెను. రాజధానిలోని మన న్యాయవాదులు, వైద్యులు, ఉద్యోగులు ఈ సరిహద్దు తెలుగువారి పక్షమున ఒక్క మాట పలికిన, అది వ్యర్థము గాదు.