గోదావరి కొసన ఫ్రెంచి ఊరు - యానాం

ఫ్రెంచివాళ్ళు అనగానే మన ఉత్తర తెలంగాణ విద్యార్థికి గుర్తుకు రావలసింది పారిస్ కాదు, జగిత్యాల. అక్కడి నక్షత్రాకారపు కోటను పద్దెనిమిదవ శతాబ్దంలో ఫ్రెంచి ఇంజనీర్ల సాయంతో కట్టినారని చెప్తారు. జాక్, తాల్ అనే ఇద్దరి పేర్లు కలిసి జగిత్యాల అయిందని పెద్దమనుషులు చెప్పే కథ కూడా ఒకటి ఉన్నది. నమ్మేవాళ్ళు నమ్మవచ్చు గాని, నాకైతే అది తర్వాత అల్లిన కథగానే తోస్తుంది. ఏమైనా వాళ్ళు మన దగ్గర కొలువు చేసి పోయినవాళ్ళే తప్ప ఏలినవాళ్ళు కారు. తెలుగు నేలపై రెండు వందల ఏండ్లకు పైగా వాళ్ళ జెండా ఎగిరిన ఊరు ఇదే గోదావరి ఒడ్డున, ఆ కొసన ఉన్నది. అదే యానాం.

బాసర దగ్గర తెలంగాణలో అడుగుపెట్టి, ధర్మపురి, మంథని, కాళేశ్వరం దాటి, భద్రాచలం మీదుగా సాగిపోయే గోదావరి ధవళేశ్వరం కింద పాయలుగా చీలుతుంది. అందులో తూర్పు పాయ గౌతమి. ఆ గౌతమి సముద్రంలో కలవబోయే ముందు కోరింగ పాయ విడిపోయే చోట యానాం ఉన్నది. కాకినాడ నగరానికి సుమారు 30 కిలోమీటర్లు. విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు, అంటే రైతు లెక్కలో దాదాపు 7,400 ఎకరాలు. 2011 జనాభా లెక్కల్లో 55,626 మంది. మాట్లాడేది తెలుగు, చుట్టూ ఉన్నది ఆంధ్రప్రదేశ్, పాలన మాత్రం 800 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరిది. ఇదెట్లా జరిగింది?

డెల్టా నేతగాళ్ళ బట్ట కోసం ఫ్రెంచి కంపెనీ 1723లో ఇక్కడ వర్తకస్థానం పెట్టి, గిట్టుబాటుకాక కొన్నేండ్లకే మూసి, 1731లో మళ్ళీ తెరిచింది. పక్కనే ఇంజరంలో ఇంగ్లీషువాళ్ళు, జగన్నాథపురంలో డచ్చివాళ్ళు. 1753లో మన నిజాం సలాబత్ జంగు, బుస్సీ సైన్యం ఖర్చుల కింద ఉత్తర సర్కారులనే ఫ్రెంచివాళ్ళకు రాసి ఇచ్చినాడు. అంత రాజ్యం ఐదేండ్లు నిలిచింది. 1758 చందుర్తి యుద్ధంలో వాళ్ళు ఓడిపోయినారు. ఆ తర్వాత యానాం ఇంగ్లీషువాళ్ళ చేతికి పోవడం, సంధి కుదిరితే తిరిగి రావడం, ఇదే వరుస. 1814 పారిస్ సంధిలో ఇండియాలోని తమ స్థావరాలు తిరిగి దక్కినాయి గాని, కోటలు కట్టరాదని షరతు పడింది.

సైన్సు విద్యార్థిగా ఇక్కడ ఒక్క ముచ్చట చెప్పకుండా ఉండలేను. 1790 నుంచి 1793 దాకా యానాం అధికారిగా ఉన్న పియెర్ సొనెరా ప్రకృతి శాస్త్రజ్ఞుడు. మన దక్కను అడవుల్లో తిరిగే బూడిదరంగు అడవికోడికి గాలస్ సొనెరాటై అని అతని పేరే పెట్టినారు. ఇంటికోడి పూర్తిగా ఎర్ర అడవికోడి సంతానమే అనుకునేవారు. కాని దాని కాళ్ళకు, చర్మానికి పసుపు రంగునిచ్చే జన్యువు ఈ సొనెరా కోడి నుంచి వచ్చిందని 2008లో తేలింది. మన పెరట్లో గింజలేరే కోడి కాళ్ళను చూసినప్పుడు యానాం దొర గుర్తుకొస్తే తప్పులేదు.

ఇక ఊరి సంగతి. కోటలేని ఈ ముక్క బతికింది సరిహద్దు మీద. అటు ఒక సుంకం, ఇటు ఒక సుంకం. మంగళవారం అంగడికి (వాళ్ళు సంత అంటారు) విదేశీ సరుకు చౌకగా దొరుకుతుందని చుట్టుపక్కల ఊర్ల జనం విరగబడి వచ్చేవారు. సరుకులో తేడా ఉన్నట్టే చట్టంలోనూ తేడా ఉండేది. శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చి, పద్నాలుగేండ్లు నిండని ఆడపిల్లకు పెండ్లి చేయడం నేరమైంది. అది బ్రిటిష్ ఇండియాకే వర్తించేది. ఫ్రెంచివాళ్ళేమో దేశీయుల పెండ్లిళ్ళు, వారసత్వాల విషయంలో వాళ్ళ ఆచారాలకే వదిలేస్తామని 1819లోనే మాట ఇచ్చి ఉన్నారు. ఇంకేముంది, గోదావరి జిల్లాల పెద్దలు చిన్నపిల్లలను వెంటబెట్టుకొని యానాం వచ్చి పెండ్లి చేసి, చట్టానికి చిక్కకుండా ఇంటికి పోయేవారు. సమానత్వం గురించి ప్రపంచానికి చెప్పిన దేశపు జెండా నీడన, పుస్తె కట్టించుకోవడానికి ఆ పిల్లలు వరుసగా కూర్చున్నారు. దీన్ని కొందరు వేడుకగా రాస్తారు, నాకట్లా అనిపించదు. మా నాయనమ్మ వాళ్ళ అమ్మకు ఎనిమిదో ఏటనే పెండ్లయిందట. మా దిక్కు అందుకోసం యానాం పోవలసిన పని లేకుండె. ఇక్కడ నిజాం రాజ్యం, శారదా చట్టానికి ఇది కూడా బయటి దేశమే గదా.

మేలు అసలే లేదనీ కాదు. 1871 నుంచి ఫ్రెంచి ఇండియా పురుషులకు పారిస్ పార్లమెంటుకు ప్రతినిధిని ఎన్నుకొనే ఓటు ఉన్నది. ఆ ఎన్నికలలో మోసాలకు కొదవ లేదు, ఆడవాళ్ళకు ఓటూ లేదు. అయినా ఏరు దాటితే, పన్ను కట్టే రైతుకు ఓటు అన్న మాటే తెలియని కాలమది.

మన హైదరాబాద్ సంస్థానం 1948 సెప్టెంబరు 17న భారతదేశంలో కలిసింది. యానాం వంతు వచ్చేసరికి ఇంకో ఆరేండ్లు పట్టింది. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో ఉద్యమకారులు ఊరిని స్వాధీనం చేసుకున్నారు. నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో పాటు పాలన భారత్ చేతికి వచ్చింది. అయితే అప్పగింత ఒప్పందం మీద సంతకాలు జరిగింది 1956 మే 28న, అది ఖాయమైంది 1962 ఆగస్టు 16న.

యానాం ఆంధ్రలో ఎందుకు కలవలేదన్న ప్రశ్నకు జవాబు ఆ ఒప్పందంలోనే ఉన్నది. ఈ ప్రాంతాలకు అదివరకున్న ప్రత్యేక పాలన కొనసాగాలి, మార్చాలంటే ముందు ప్రజల అభిప్రాయం తెలుసుకోవాలి అని రాసుకున్నారు. అందుకే ఇప్పటికీ పుదుచ్చేరి శాసనసభలోని 30 ఎన్నికల స్థానాలలో ఒకటి యానానిది. యానాం రైతు భూమి తగాదా హైకోర్టు దాకా పోతే, ఆ కాగితాలు అమరావతికి కాదు, మద్రాసు హైకోర్టుకు పోవాలి. పెట్రోలు, మందు పక్క ఊర్లకన్న చౌక కాబట్టి మంగళవారం అంగడి పోకడ పూర్తిగా పోయిందని అనలేం.

వానకాలంలో మాత్రం ఈ గీతలేవీ లెక్కకు రావు. 2022 జులైలో కడెం ప్రాజెక్టు తెగుతుందేమోనని కింది ఊర్లను ఖాళీ చేయించినారు. మంథని వీధుల్లోకి నీళ్ళు వచ్చినాయి. 16వ తేదీన భద్రాచలంలో గోదావరి 71 అడుగులు దాటింది. ఆ నీళ్ళే దిగువకు పోయి యానాం కాలనీలను ముంచినాయి. తమిళిసై సౌందరరాజన్ గారు అప్పుడు తెలంగాణ గవర్నరు, పుదుచ్చేరి లెఫ్టినెంట్ గవర్నరు కూడా. 2021 ఫిబ్రవరి నుంచి 2024 మార్చి వరకు బాసరకూ యానానికీ రాజ్‌భవన్ సంతకం ఒక్కరిదే.