తెల్లతల గద్దలను చంపిన నాచు

1994 చలికాలం. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో డిగ్రే అనే జలాశయం చుట్టూ బాల్డ్ ఈగిల్ పక్షులు ఒక్కొక్కటిగా చచ్చిపడటం మొదలైంది. చలికాలం ముగిసేసరికి 29 కళేబరాలు దొరికాయి. ఒంటిమీద తుపాకీ గాయాలు లేవు. జబ్బుపడ్డ పక్షులు తాగినవాళ్లలా తూలాయి, ఎగురుతూ వెళ్లి కొండరాళ్లను గుద్దుకున్నాయి. కోసి చూస్తే మెదడులో, వెన్నుపాములో స్పాంజిలా చిన్నచిన్న ఖాళీలు కనిపించాయి. నరాల చుట్టూ కరెంటు తీగకు తొడుగులా ఉండే మైలిన్ పొర పొరలుగా విడిపోయింది. పురుగుమందులు, భారలోహాలు, తెలిసిన విషాలు, వైరస్‌లు అన్నీ వెతికారు. ఏదీ సరిపోలేదు. రెండేళ్ల తర్వాత అదే రాష్ట్రంలో మరో 26 గద్దలు పోయాయి.

పేరులో 'బాల్డ్' ఉన్నా ఈ పక్షిది బట్టతల కాదు. తల నిండా తెల్లటి ఈకలే. 1782లో అమెరికా రాజముద్ర మీదకు ఎక్కిన ఈ పక్షి అంతకుముందే ఒకసారి చావు అంచుదాకా వెళ్లి వచ్చింది. 1963లో అలాస్కా, హవాయి మినహా అమెరికా మొత్తంలో లెక్కకు దొరికిన జంటలు 417. కారణం డీడీటీ. పొలాల నుంచి నీళ్లలోకి, చేపల్లోకి, చేపల నుంచి గద్దల్లోకి చేరిన ఆ మందు గుడ్డు పెంకుకు కాల్షియం అందకుండా చేసింది. పొదగడానికి తల్లి కూర్చుంటే గుడ్డు పగిలిపోయేది. 1972లో డీడీటీని నిషేధించారు. 2007లో ఈ పక్షిని అంతరించిపోతున్న జీవుల జాబితాలోంచి తీసేశారు. 2021లో ప్రకటించిన అంచనా ప్రకారం జంటలు 71,400. వన్యప్రాణి సంరక్షణలో ఇంత పెద్ద గెలుపు అరుదు. అందుకే ఆర్కన్సా చావులు అంతగా కలవరపెట్టాయి.

మొదటి ఆధారం గద్దల్లో కాదు, వాటి ఆహారంలో దొరికింది. అక్కడి నీళ్లలో కూట్ అనే నీటికోడి ఉంటుంది. ఇక్కడి చెరువుల్లో కనిపించే బొల్లికోడికి దగ్గరి చుట్టం. వాటి మెదళ్లలోనూ అవే ఖాళీలు కనిపించాయి. తూలుతూ ఎగరలేకపోతున్న కూట్‌ను పట్టుకోవడం గద్దకు తేలిక. జబ్బుపడ్డ కూట్ల మాంసాన్ని ప్రయోగశాలలో డేగలకు పెడితే వాటికీ అదే జబ్బు వచ్చింది. అంటే విషం తిండి వెంట పైకి పాకుతోంది. మరి కూట్ తిన్నదేమిటి? నీటిమొక్కలు. చావులు నమోదైన జలాశయాల్లో ఎక్కువగా పెరిగిన మొక్క హైడ్రిల్లా.

హైడ్రిల్లా తెలుగు నేల చెరువుల్లో, కాలువల్లో మామూలుగా పెరిగే నాచుమొక్కే. అమెరికాలో మాత్రం పరాయిది. 1950ల్లో అక్వేరియం వ్యాపారులు శ్రీలంక నుంచి తెప్పించిన మొక్క ఫ్లోరిడా నీళ్లలోకి జారి, దక్షిణ రాష్ట్రాల జలాశయాలను అల్లుకుపోయింది. చిన్న ముక్క పడవకు తగులుకుని వెళ్లినా చాలు, కొత్త చోట వేరూనుతుంది.

అయినా నేరం ఒక్క హైడ్రిల్లాది కాదు. ఆ మొక్క ఉన్న ప్రతి చెరువులోనూ పక్షులు చావలేదు. జార్జియా విశ్వవిద్యాలయానికి చెందిన సూసన్ వైల్డ్ 2001లో ఆకుల అడుగున నల్లటి మచ్చలు గమనించారు. అవి అప్పటిదాకా ఎవరూ వర్ణించని సైనోబ్యాక్టీరియా గుంపులు. 2014లో వాటికి పెట్టిన శాస్త్రీయ నామానికి అర్థం 'హైడ్రిల్లా మీద పెరిగే గద్దహంతకి'. పేరైతే పెట్టారు గానీ రుజువు దొరకలేదు. జర్మనీలోని హాలె విశ్వవిద్యాలయంలో టీమో నీడర్‌మేయర్ బృందం దాన్ని ప్రయోగశాలలో పెంచి కోళ్ల మీద పరీక్షిస్తే కోళ్లకు ఏమీ కాలేదు. నిందితుడు దొరికాడు, చేతిలో ఆయుధం లేదు!

వాళ్లు మళ్లీ చెరువులోని ఆకుల దగ్గరికే వెళ్లారు. సూక్ష్మజీవి మచ్చలున్న చోట మాత్రమే ఒక రసాయనం కనిపించింది. దాని ఒక్కో అణువులో ఐదు బ్రోమిన్ పరమాణువులు. ప్రయోగశాలలో వాడిన పోషక ద్రవంలో బ్రోమైడ్ లేదు! అది కలపగానే సూక్ష్మజీవి విషం తయారుచేసింది. ఫలితాలు 2021 మార్చిలో 'సైన్స్' పత్రికలో వచ్చాయి. మొదటి చావులకు, ఈ జవాబుకు మధ్య పాతికేళ్లకు పైగా గడిచాయి. ఈ లోగా ఈ జబ్బుతో చనిపోయినట్టు నిర్ధారణ అయిన బాల్డ్ ఈగిల్స్ 130కి పైనే. ఎవరికీ కనపడకుండా పొదల్లో కుళ్లిపోయినవి లెక్కలోకి రావు.

దక్షిణాసియాకు ఈ కథ కొత్తగా అనిపించదు. 1990ల్లో రాబందులు రాలిపోతుంటే ఇక్కడా మొదట అంటువ్యాధినే అనుమానించారు. పశువులకు వాడే నొప్పి మందు డైక్లోఫెనాక్ కారణమని 2004లో తేలింది. 2006లో భారత్ పశువైద్యంలో దాన్ని నిషేధించింది. అప్పటికి తెల్లవీపు రాబందుల్లో దాదాపు అన్నీ పోయాయి.

రాబందుల విషయంలో ఆపాల్సిన మందు ఒక్కటి. జలాశయాల్లో అంత తేలిక కాదు. బ్రోమైడ్ ప్రకృతిలో ఉంటుంది, బొగ్గు విద్యుత్ కేంద్రాల వ్యర్థాల్లోంచీ వస్తుంది. అన్నిటికంటే ఇబ్బందికరమైన సంగతి, హైడ్రిల్లాను చంపడానికి చల్లే కలుపు మందుల్లో ఒకటి డైక్వాట్ డైబ్రోమైడ్. మొక్కను వదిలించుకోబోయి సూక్ష్మజీవికి ముడిసరుకు అందించినట్టవుతుందేమోనని పరిశోధకులే హెచ్చరించారు. పిల్లలు పెట్టలేని గడ్డిచేపలను వదలడం మరో మార్గం. కానీ హైడ్రిల్లా పొదల్లో చేపలు బాగా పడతాయని, బాతులు చేరతాయని దాన్ని తీసేయొద్దనే గాలపు వేటగాళ్లూ ఉన్నారు. ఇది పక్షులతో ఆగే విషం కూడా కాదు. పరీక్షల్లో చేపలనూ పురుగులనూ చంపింది.

ఇక వేటగాళ్ల తూటాల్లోని సీసం వేరే గొడవ. జింకను కొట్టి, పేగులు అడవిలోనే వదిలేసి పోతే, అందులో చెదిరిన సీసం తునకలను గద్దలు మింగుతాయి. 38 రాష్ట్రాల్లో 1,210 గద్దలను పరిశీలించి 2022లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు సగం పక్షుల ఎముకల్లో దీర్ఘకాల సీసపు విషం కనిపించింది. బాల్డ్ ఈగిల్ సంఖ్య పెరిగే వేగాన్ని అది ఏటా 3.8 శాతం తగ్గిస్తోందని లెక్కగట్టారు. ఇక్కడ కారణం కోసం పాతికేళ్లు వెతకాల్సిన పని లేదు, మందూ తెలుసు: రాగి తూటాలు. నీటిపక్షుల వేటలో సీసపు గుళ్లను 1991 నాటికే దేశమంతటా ఆపేశారు. జింకల వేటతో సహా అన్ని వేటల్లోనూ సీసాన్ని నిషేధించే చట్టం 2019 నుంచి కాలిఫోర్నియాలో పూర్తిగా అమల్లో ఉంది. దేశం మొత్తానికి అలాంటి చట్టం రాలేదు. 2024 డిసెంబరులో మాత్రం బాల్డ్ ఈగిల్‌ను అధికారిక జాతీయ పక్షిగా ప్రకటించే చట్టం మీద సంతకం జరిగింది.