సారథి కోసం ఎదురుచూసిన ఎనిమిది కంప్యూటర్లు

మన సంఘం నడిపే ఆదివారపు తెలుగు బడికి గత చలికాలంలో ఎనిమిది పాత కంప్యూటర్లు విరాళంగా వచ్చాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సాధారణ మద్దతు ముగియడంతో ఒక కార్యాలయం వారు తీసివేసిన యంత్రాలవి. వాటిలో లినక్స్ అనే నిర్వహణ వ్యవస్థను ఎక్కించి, పిల్లలకు తెలుగు టైపు నేర్పాలనీ, తెనాలిలో ఉన్న ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలి చేత తెరమీదుగా పద్యాలు చెప్పించాలనీ అనుకున్నాము. ఆమె కూడా ఎంతో సంతోషంగా ఒప్పుకున్నారు. చిక్కల్లా ఒక్కటే. అవి తీగతో నెట్‌వర్కుకు కలిసే కంప్యూటర్లు. మేము అద్దెకు తీసుకున్న హాలులోనేమో వైఫై తప్ప వేరే సౌకర్యం లేదు.

"బొటనవేలంత యు.ఎస్.బి. వైఫై పరికరాలు ఎనిమిది కొని గుచ్చితే సరిపోతుంది" అని కార్యవర్గ సమావేశంలో ధీమాగా చెప్పినవాడిని నేనే. ఎనిమిదీ గుచ్చాము. ఒక్కటీ పలుకలేదు. తొలి తరగతికి రెండు వారాలే గడువు; ఖర్చయినది సంఘం సొమ్ము. నేను రసాయన శాస్త్రవేత్తను, కంప్యూటరు నిపుణుణ్ణి కాను. అయినా తప్పు నాది కనుక దిద్దుకోవలసిన బాధ్యతా నాదే అయింది. ఆ రెండు వారాలలో తెలుసుకున్న సంగతులే ఇక్కడ పాఠకుల ముందుంచుతున్నాను.

లినక్స్ యునిక్స్ కుటుంబానికి చెందినది. యునిక్స్ 1969లో మన న్యూజెర్సీలోనే, మర్రీ హిల్‌లోని బెల్ ప్రయోగశాలలో, కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీల చేతుల మీదుగా పుట్టింది. దాని పోలికలతో, కానీ స్వతంత్రంగా, లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్‌ను ప్రారంభించాడు. ఈ వ్యవస్థల గర్భభాగాన్ని కెర్నెల్ అంటారు. జ్ఞాపకశక్తి, కాలం, పరికరాలు అన్నీ దాని అధీనంలో ఉంటాయి. అయితే లోకంలోని ప్రతి పరికరం భాషా కెర్నెల్‌కు తెలియదు. ఒక్కొక్క పరికరానికి ఆ భాష తెలిసిన క్రమణిక ఒకటి కావాలి. దానినే డ్రైవరు అంటారు. నేను సారథి అంటాను.

పరికరాన్ని గుచ్చినప్పుడు ఏమి జరుగుతుందో చూద్దాము. యు.ఎస్.బి. మర్యాద ప్రకారం పరికరం అడిగితేనే మాట్లాడాలి. తాను వచ్చినట్లు తెలపడానికి మాత్రం రెండు సమాచారపు తీగలలో ఒకదానిని 1.5 కిలో ఓముల నిరోధకం ద్వారా పై వోల్టేజికి లాగి ఉంచుతుంది. కంప్యూటరు అది గమనించి, పరికరానికి 1 నుండి 127 లోపు ఒక చిరునామా ఇచ్చి, 18 బైట్ల పరిచయపత్రం చదువుతుంది. అందులో ముఖ్యమైనవి రెండు సంఖ్యలు: తయారీదారుది ఒకటి, వస్తువుది ఒకటి. ప్రతి సారథీ తాను నడపగల సంఖ్యల జాబితాను ముందుగానే కెర్నెల్‌కు అప్పగించి ఉంటుంది. జత కుదిరితే సారథి రంగంలోకి దిగుతుంది. కుదరకపోతే పరికరం విద్యుత్తు త్రాగుతూ ఊరక కూర్చుంటుంది. మా ఎనిమిదింటి గతి అదే.

ఇక్కడ నా వృత్తి నాకు బుద్ధి చెప్పవలసింది. ప్రయోగశాలలో సీసా మీది పేరును మాత్రమే నమ్మి ప్రయోగం మొదలుపెట్టము. లాట్ సంఖ్య చూస్తాము. వైఫై పరికరాల అంగడిలో పెట్టె అదే, పేరు అదే, లోపలి చిప్పు మాత్రం ఒక కూర్పు నుండి మరొక కూర్పుకు మారిపోతుంది. మేము కొన్నవాటి అట్టపెట్టె మీద "లినక్స్‌లో పనిచేయును" అని అచ్చు వేసి ఉన్న మాట నిజమే. కానీ తయారీదారు ఇచ్చిన సారథి ఏనాటిదో పాత కెర్నెల్‌కు వ్రాసినది. కెర్నెల్ లోపలి ఏర్పాట్లు తరచుగా మారుతుంటాయి. కెర్నెల్‌తోపాటే పెరిగే సారథులను ఆ మార్పులు చేసేవారే సవరిస్తారు. బయట వదిలివేసినదానిని పట్టించుకునే నాథుడుండడు. దానిని కంపైలు చేయబోతే తెర నిండా దోషాల పట్టిక వచ్చింది.

సభ్యుల ఇళ్ళలోని పాత సొరుగులు వెదకగా ఒక పరికరం దొరికింది. గుచ్చి చూస్తే దాని సంఖ్యలు 0సిఎఫ్3, 9271. అంటే అథెరాస్ వారి ఎ.ఆర్. 9271 చిప్పు. దీని సారథి 2010లో వెలువడిన లినక్స్ 2.6.35తోనే కెర్నెల్‌లో చేరింది. క్షణంలో హాలు వైఫై పేరు తెరమీద కనిపించింది.

ఆ క్షణంలో జరిగేది ఆసక్తికరమైన కథ. ఈ చిప్పు లోపల ఒక చిన్న ప్రాసెసరు ఉన్నది కానీ, గుచ్చే సమయానికి దానికి వైఫై విద్య ఏదీ రాదు. సారథి సుమారు 50 వేల బైట్ల ఫర్మ్‌వేర్‌ను 4096 బైట్ల ముక్కలుగా, అంటే పదమూడు విడతలలో, దాని జ్ఞాపకంలోకి ఎక్కిస్తుంది. ఊడదీస్తే ఆ విద్య పోతుంది. మళ్ళీ గుచ్చితే మళ్ళీ మొదటి నుండి నేర్పాలి.

అంత శ్రమ ఎందుకు, అన్నీ కంప్యూటరే చేయరాదా అని నాకూ సందేహం కలిగింది. జవాబు కాలంలో ఉన్నది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒక సందేశపు మూట అందగానే, "అందింది" అనే సమాధానం 10 మైక్రోసెకన్ల విరామంతో బయలుదేరాలి. లేకపోతే పంపినవాడు మూట పోయిందనుకొని మళ్ళీ పంపుతాడు. యు.ఎస్.బి. 2.0 తన పనిని 125 మైక్రోసెకన్ల వాయిదాలుగా విభజించుకుంటుంది. మూట కంప్యూటరుకు చేరి, కెర్నెల్ ఆలోచించి, జవాబు తిరిగివచ్చేలోపు పుణ్యకాలం గడచిపోతుంది. కనుక తక్షణ కార్యాలు చిప్పులో, తీరిక కార్యాలు కంప్యూటరులో జరుగుతాయి. ఏ నెట్‌వర్కులో చేరాలి, ఎప్పుడు వెదకాలి వంటివి రెండవ కోవకు చెందుతాయి. వీటిని సారథులన్నింటికీ ఉమ్మడిగా చూసే పొర 2007లో, 2.6.22 కూర్పుతో కెర్నెల్‌లో చేరింది. అంతకుముందు చాలా సారథులు ఎవరి వంట వారే వండుకునేవి.

సారథి రచయితకు అసలు కష్టం మరొకటి ఉన్నది. చిప్పులోని ఏ గదిలో ఏ సంఖ్య వ్రాస్తే ఏమవుతుందో తెలిపే పత్రాలను పలువురు తయారీదారులు బయట పెట్టరు. 2005లో వెలువడిన ఓపెన్ బి.ఎస్.డి. 3.7లో, రాలింక్ చిప్పుల యు.ఎస్.బి. పరికరాలకు డామియన్ బెర్గామినీ వ్రాసిన సారథి చేరింది. దాని ఆధారంతోనే ఫ్రీ బి.ఎస్.డి.లోనూ ఆ పరికరాలు నడిచాయి. ఒకరి శ్రమ అన్ని ఇళ్ళకూ దీపమైంది. మా 9271 విషయంలోనైతే 2013 నాటికి ఫర్మ్‌వేర్ మూలపాఠం కూడా బహిరంగమైంది. చిప్పులోని చిన్న ప్రాసెసరు ఏమి చేస్తున్నదో ఇప్పుడు ఎవరైనా చదివి చూడవచ్చు. డబ్బిచ్చి కొన్న వస్తువు సంగతి కొన్నవాడికి తెలియకూడదనడం నాకు ఎన్నడూ సమంజసంగా తోచలేదు.

అదే చిప్పు గల పరికరాలు, చిప్పు పేరు ముందుగా అడిగి తెలుసుకొని, వాడినవే మరో ఆరు కొన్నాము. ఎనిమిదవ కంప్యూటరుకు దొరకలేదు. తొలి ఆదివారం ఉదయం పది గంటలకు, అంటే తెనాలిలో రాత్రి ఎనిమిదిన్నరకు, పంతులమ్మగారు తెరమీదికి వచ్చారు. పద్యం రెండవ పాదంలో ఉండగా ఒక చిరంజీవి తన పరికరాన్ని లటుక్కున ఊడబెరికాడు. సారథికి ఇంతకంటె పెద్ద పరీక్ష లేదు. పంపుతున్న మూటలన్నీ రద్దు చేసి, తీసుకున్న జ్ఞాపకాన్ని ఒక్కసారే, సరియైన వరుసలో తిరిగి ఇవ్వాలి. సారథి పనిచేసేది కెర్నెల్‌లో కనుక, పొరపడితే కంప్యూటరే కూలవచ్చు. ఈ సారథిలోనే అటువంటి దోషాలు 2020లో బయటపడి సవరింపబడ్డాయి. మా కంప్యూటరు కూలలేదు. వాడు నాలుక కరచుకొని తిరిగి గుచ్చాడు, పదమూడు ముక్కలూ మళ్ళీ ఎక్కాయి, పంతులమ్మగారు నాలుగవ పాదంలో దొరికారు.

పనికిరాని ఎనిమిది పరికరాలను దుకాణం వారు తిరిగి తీసుకోలేదు. ఆ సొమ్ము నేనే సంఘానికి జమచేశాను.