ఆంగ్ల వార్తలలో కర్మణి ప్రయోగము

ఆంగ్ల దినపత్రికను చదువ నారంభించిన మన విద్యార్థులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. కర్తరి ప్రయోగమే సూటియైనదని తరగతిలో బోధించుచుండగా, పత్రికలో మాత్రము "వాజ్ అరెస్టెడ్", "వర్ ఇంజూర్డ్" అను కర్మణి వాక్యములు అడుగడుగునకు గానవచ్చుచున్నవేల? పరీక్షలో ఒక ప్రయోగమును మరియొక ప్రయోగముగా మార్చి మార్కులు తెచ్చుకొనుటతో ఈ విషయము ముగిసినదని తలచువారు పెక్కురు. ఆ మార్పుచే వాక్యమున నేమి మిగులునో, యేమి జారిపోవునో విచారించుట మా యుద్దేశము.

వార్తకు మొదటి మాట ముఖ్యము. నరసరావుపేటలో దొంగ పట్టుబడినచో చదువరి మొదట తెలిసికొనగోరునది దొంగను గూర్చియే. పట్టుకొన్నవారు పోలీసులని చెప్పకయే తెలియును. అందుచే విలేఖరి దొంగను ముందునిడి "ఎ థీఫ్ వాజ్ అరెస్టెడ్" అని వ్రాయును. ఇందు దోషము లేదు. మాచర్ల బజారులో రాత్రివేళ దుకాణపు తాళము పగులగొట్టినవారెవరో తెలియనప్పుడు, కర్తను చెప్పుమన్నచో విలేఖరి యెక్కడనుండి తెచ్చును? నేరము రుజువు కాకమునుపే యొకని పేరు కర్తస్థానమున నిలుపుట న్యాయమును గాదు. శీర్షికలలో సహాయక్రియను విడిచి "థీఫ్ అరెస్టెడ్" అని మాత్రమే యచ్చువేయుదురు. క్రొత్తగా చదువువారు దీనిని కర్తరి యని భ్రమించి, దొంగయే యెవరినో అరెస్టు చేసెనని యర్థము చెప్పి నవ్వులపాలగుటయు గలదు.

స్ట్రంకు అను అమెరికా ఆచార్యుడు 1918 నాటి తన చిన్న పుస్తకమునను, ఆర్వెల్ 1946 నాటి వ్యాసమునను కర్తరినే వాడుడని హితవు చెప్పిరి. హితవు మంచిదే, కాని ఆర్వెల్ ఆ వ్యాసములోనే కర్మణి వాక్యములను ధారాళముగా వాడియున్నాడు. కావున కర్మణిని కనబడినచోటనెల్ల కొట్టివేయుట తెలివిగాదు.

చిక్కు వేరొకచోట నున్నది. మన పలనాటి చరిత్రనుండియే యుదాహరణము గైకొందము. అడవిలో పశువులను మేపుకొన్నందుకు సర్కారు వసూలు చేయుచుండిన పుల్లరిని నిరాకరించి, 1921లో పలనాటి గ్రామములవారు సత్యాగ్రహమునకు గడంగిరి. ఆ సందర్భమున చెరసాల కేగిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు అచ్చటనే "మాలపల్లి" నవలను వ్రాసిరి. సత్యాగ్రహమునకు ముందు నిలిచిన కోలగట్ల వాసి కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో మించాలపాడు వద్ద పోలీసులు కాల్చి చంపిరి.

ఈ సంగతిని ఆంగ్లమున నెన్ని విధముల వ్రాయవచ్చునో చూడుడు. ఈ క్రింది వాక్యములు మేము కూర్చినవే గాని యే పత్రికలోనివియు గావు. "ద పోలీస్ షాట్ హనుమంతు" అనునది కర్తరి. "హనుమంతు వాజ్ షాట్ బై ద పోలీస్" అనునది కర్మణి. అయినను కాల్చినవారు వాక్యములోనే యున్నారు, మరణించినవాడు ముందు నిలిచినాడు. ఈ రెండును సత్యమును పూర్తిగా చెప్పుచున్నవి. "హనుమంతు వాజ్ షాట్" అన్నంతనే కాల్చినవారు మాయమైరి. వ్యాకరణము తప్పలేదు గనుక నెవరును ప్రశ్నింపరు. "ఫైర్ వాజ్ ఓపెన్డ్" అన్నచో కాల్చినవారే గాక చచ్చినవాడును కనబడడు. ఇక "క్యాజువల్టీస్ అకర్డ్" అను వాక్యము కర్మణియే కాదు. ఐనను అన్నిటికన్న నెక్కువ దాచుచున్నది. కావున పరీక్షింపవలసినది ప్రయోగపు పేరును గాదు. పని చేసినవాడు వాక్యములో నున్నాడా, లేడా? లేనిచో అందరికి దెలిసినవాడగుటచే విడిచిరా, ఎవరికి దెలియనందున విడిచిరా, తెలిసియు చెప్పనొల్లక విడిచిరా? మూడవదే మేము భయపడునది. 1987 జనవరిలో అమెరికా అధ్యక్షుడు రీగన్, ఇరానుకు ఆయుధములమ్మిన వ్యవహారమును గూర్చి చట్టసభ యెదుట మాట్లాడుచు "మిస్టేక్స్ వర్ మేడ్" అనెను. తప్పులున్నవి, చేసినవారు మాత్రము వాక్యమున లేరు.

తెలుగున కర్మణి యంత సహజము గాదు. "అన్నము వండబడినది, రమ్ము" అని యే తల్లియు బిడ్డను పిలువదు. ఆంగ్ల వార్తను తొందరలో తెనిగించువారు ప్రతి క్రియకును "బడు" తగిలించి "ఉత్తర్వు జారీ చేయబడినది", "విచారణ ప్రారంభింపబడినది" అని వ్రాయుటచే నీ రూపము మన పత్రికలలో ప్రబలినది. అట్లని "బడు"ను తీసివేసినంతమాత్రమున మన భాష నిర్దోషి యగునా? మనకు "జరుగు" అను వేరొక తెర యున్నది. "కాల్పులు జరిగినవి", "పొరపాటు జరిగినది", "జాప్యము జరిగినది". వీనిలో కర్మణి లేదు, వినుటకు చక్కని తెలుగే. కాని చేసినవారిని దాచుటయందు ఆంగ్లమునకు దీసిపోవు. రోడ్డు ప్రమాదపు వార్తలలో "లారీ ఢీకొని రైతు మృతి" అను శీర్షికను మన విద్యార్థులు చూచియే యుందురు. ఇందు కర్త లారీ. దానిని నడిపినవాడెవడో, యెంత వేగముగా నడిపెనో, వార్త చివరి పంక్తివరకు చదివినను ఒక్కొక్కప్పుడు తేలదు.