కథల్లో కొత్త మాటలు ఎందుకు గుర్తుంటాయి?

“అటక మీంచి కుండల దొంతి దింపుతుంటే పై కుండ జారి భళ్ళున పగిలింది.” ‘దొంతి’ అంటే మీకు తెలియకపోవచ్చు. కానీ పై కుండ జారిందంటే, అవి ఒకదాని మీద ఒకటి పేర్చినవని ఇట్టే అర్థమైపోతుంది. రేపు ఏదైనా నవలలో ‘పుస్తకాల దొంతర’ కనిపిస్తే ఆ మాట చుట్టంలా పలకరిస్తుంది. పదాల పట్టికను బట్టీ పడితే ఈ బొమ్మ కళ్ళముందు కట్టదు. అందుకే పరీక్ష అయిపోగానే ఆ మాటలు మరుపున పడతాయి.

ఊహ ఒక్కోసారి తప్పుతుంది. ‘అపురూపం’ అంటే అందంగా లేనిదేమో అనిపించవచ్చు. ‘తాత ఆ పాత గడియారాన్ని అపురూపంగా దాచుకున్నాడు’ అని చదివాక? బాగాలేనిదాన్ని అంత ప్రేమగా ఎవరు దాచుకుంటారు! అరుదైనదని, ఎంతో ఇష్టమైనదని అప్పుడు తేలుతుంది.

అయితే ప్రతి మాట దగ్గరా ఆగకండి, కథ చప్పబడిపోతుంది. అదే మాట రెండోసారి ఎదురైతే నిఘంటువు తీయండి. నోటుబుక్కులో అర్థంతో పాటు ఆ వాక్యమంతా రాసుకోండి.

నామిని రాసిన ‘మిట్టూరోడి కతలు’లోని చిత్తూరు మాటలు, ఖదీర్‌బాబు రాసిన ‘దర్గామిట్ట కతలు’లోని నెల్లూరు మాటలు కొన్ని నిఘంటువుల్లో దొరక్కపోవచ్చు. ఆ వైపు పెద్దవాళ్ళెవరినైనా అడగండి. అర్థమే కాదు, పలికే తీరు కూడా చెబుతారు.